దింపు తీయబోయి

కొబ్బరిచెట్టు ఎక్కడం రాదన్న సంగతి పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా నాకే తెలియదు. పుట్టినప్పటినుంచీ తోటలోనే పెరిగాను కదా, వచ్చేసి ఉంటుందిలే అనుకున్నాను. రైతుబిడ్డ పొగరు మరి.

తొంభై ఎనిమిది నాటి మాట. వాలీబాల్ ఆటలో బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అని మొదలైన గొడవలో మా ఊరివాళ్లూ, మా తోట అవతలి పేటవాళ్లూ కర్రలదాకా వెళ్లారు. ముందు చెయ్యి చేసుకుంది పేట కుర్రాడు వీరబాబేనని ఇంట్లో చెప్పాను. మా నాన్న జగ్గయ్య మండిపడి, పేటవాళ్లు రోడ్డెక్కడానికి మా తోటలోంచి నడిచే దారికి అడ్డంగా ముళ్లకంచె వేయించేశారు. పేటవాళ్లు మాకు దింపు తీయడం, అంటే చెట్లెక్కి కాయలు కోసి దించడం, మానేశారు. ముక్తేశ్వరం దాకా కబురు పెట్టినా, పేటవాళ్లని కాదని దింపువాళ్లెవరూ రాలేదు.

మూడు నెలలు గడిచాయి. కాయలు ఎండి వాటంతటవే రాలుతున్నాయి. పేట పిల్లలు రెండు మైళ్లు చుట్టు తిరిగి బడికి వెళ్తున్నారు. ఆరో తరగతి నుంచీ నా పక్కన కూర్చున్న వీరబాబు నా మొహం చూడడం మానేశాడు. అన్నిటికన్నా అదే నాకు బాధగా ఉండేది.

"వాళ్లు లేకపోతే కాయలు దిగవా ఏంటి" అని నాన్న విసుక్కుంటే, నేను దింపుతానని కాళ్లకు తాడు బంధం వేసుకుని చెట్టెక్కేశాను. నలభై అడుగుల మీద మట్ట పట్టుకుని కిందికి చూశాను. గబుక్కున మట్టను రెండు చేతులా వాటేసుకున్నాను. ఆ కదలికకి కాళ్ల బంధం జారి కిందపడింది.

అమ్మ ఏడుపుకి ఊరంతా వచ్చింది. ఎక్కగలిగినవాడు ఒక్కడూ లేడు. కంచె అవతల వీరబాబు నిలబడి ఉన్నాడు. సెలవుల్లో దింపు తీసి ఫీజు కట్టుకునేవాడు వాడు.

"చుట్టూ తిరిగొత్తే అరగంట పడుద్దండి. అందాకా ఆగలేడండి" అన్నాడు నాన్నతో నెమ్మదిగా.

నాన్న కత్తి కోసం కూడా చూడలేదు. ఉత్త చేతులతోనే ముళ్లకంప లాగేశారు.

వీరబాబు పైకొచ్చి నా పాదాన్ని తన భుజం మీద పెట్టుకున్నాడు. "దిగు" అన్నాడు. మూడు నెలల్లో నాతో అన్న మొదటి మాట. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక దాచుకోలేకపోయాను.

"నాన్నగారూ, ఆ రోజు ముందు కొట్టింది నేనేనండి. వీరబాబు కాదు" అని అందరికీ వినబడేలా చెప్పాను.

నాన్న ముళ్లు గీరుకుపోయిన అరచేతులు చూసుకున్నారు. తర్వాత తలెత్తారు.

"వీరబాబూ, ఆ కంప మళ్లీ వెయ్యను. నువ్వు దిగొచ్చెయ్. వాణ్ణి మాత్రం అక్కడే ఉండనీ."

"నేను దిగితే పడిపోతాడండి" అన్నాడు వీరబాబు.

వాడి భుజం నా పాదం కిందనుంచి కదల్లేదు.