వైరు మేమంతా కోసినాం

యేసేపు చనిపోయిన మరుసటి రోజు చేయవలసిన పనులు ఇవి. ఆదోని ఆసుపత్రి నుంచి శవాన్ని తెచ్చుకోవాలి. ఎమ్మిగనూరు సమాధుల తోటలో గుంత తవ్వించాలి. పాస్టరు గారికి చెప్పాలి. కూతురు కృపను బడి హాస్టల్ నుంచి పిలుచుకొని రావాలి, దారిలో ఏమీ చెప్పకూడదు. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోవాలి. మా టాక్సీ డ్రైవర్లలో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి చివరి పని నాకు పడింది.

స్టేషన్‌లో మా టాక్సీల ఓనరు శంకరప్ప కుర్చీలో కూర్చొని టీ తాగుతున్నాడు. యేసేపు భార్య జ్యోతి తలుపు దగ్గర నిలబడి ఉంది. కాగితంలో ఇలా రాసి ఉంది: డ్రైవరు స్పీడ్ గవర్నర్ వైరును తానే కోసి, అతివేగంగా నడిపి, తన చావుకు తానే కారకుడయ్యాడు.

"నేనేం జేసేదమ్మా? కంపెనీ బిగించిచ్చిన వైరు నీ మొగుడే కోసుకున్నాడు. సంతకం గూడా పెట్టినాడు" అన్నాడు శంకరప్ప.

నిజమే, కోశాడు. ఎలా కోశాడో చెప్పాలి.

కొత్త టాక్సీలు ఎనభై దాటకుండా ఒక చిన్న పెట్టె బిగించి ఇస్తారు. అదే స్పీడ్ గవర్నర్. మాకు అది మొదటి నుంచీ కంటగింపు. కొత్త బండి రాగానే ఉరుకుందకు తీసుకుపోతాం. ఈరన్నస్వామికి టెంకాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, అక్కడే ఆ పెట్టె వైరు కోసేస్తాం. బండి తోలబోయేవాడే కోయాలి. యేసేపు చర్చికి పోయేవాడైనా బండితో ఉరుకుందకు వచ్చాడు. కోస్తుంటే మేమంతా ఈలలు వేశాం. "కోయ్" అని కటింగ్ ప్లేయర్ అందించింది శంకరప్పే. తర్వాత ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నాడు, బండిలో ఏం మార్చినా బాధ్యత డ్రైవరుదేనని. ఆ సందడిలో ఎవరూ చదవలేదు. డిగ్రీ ఉన్న నేనూ చదవలేదు.

ఆదోని రైల్వే స్టేషన్ నుంచి ఎమ్మిగనూరు బస్టాండుకు, దాదాపు ముప్పై కిలోమీటర్లకు, ఇరవై ఐదు నిమిషాలని శంకరప్ప గీత గీశాడు. దాటితే మరుసటి రోజు బండి ఇంకొకరికి. ఆ మధ్యాహ్నం పత్తి బస్తాల ట్రాక్టరు అడ్డం తిరిగింది. యేసేపు తప్పించబోయి రోడ్డు పక్క మోరీ గోడకు కొట్టాడు. ప్యాసింజర్లు దెబ్బలతో బయటపడ్డారు.

మట్టి చేసి వచ్చి టాక్సీ స్టాండులో కూర్చున్నాం, పదమూడు మందిమి.

"పెట్టె పనిచేసింటే పిల్లోడు బతికేటోడు" అన్నాడు ఖాసిం సాబ్, మాలో పెద్దాయన.

తాహెర్‌కు కోపం వచ్చింది. "ఏం మాట్లాడతావ్ చాచా? లారీని దాటేటప్పుడు బండి ఎనభైలో బిగుసుకుంటే ఎట్ల? ఎదురుగా బస్సొస్తాంటాది. పెట్టె రోడ్డు జూస్తాదా? నేను జూస్తా."

"నువ్వు రోడ్డు జూస్తావు. ఓనరు గడియారం జూస్తాడు. ఎవరి మాట చెల్లినాదిరా?"

"ఊరుకుందాం అన్నా" అన్నాడు రంగన్న. "మనమూ కోసినామని తెల్సి లైసెన్సు పోతే నా పెండ్లాం కూలికి గంప నెత్తికెత్తుతాది."

"నీకు గంప మోసేది గూడా రాదు గదప్పా" అన్నాడు తాహెర్. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. జ్యోతి వచ్చి నిలబడి ఉంది.

"అన్నా, మీరు నాకేమీ ఇయ్యొద్దు. మీ నాయిన వైరు కోసుకొని సచ్చినాడంట గదా అని అప్పుడే నా బిడ్డను అడుగుతాండారు. ఆయనొక్కడే కోసినాడా? అది సెప్పండి. సాలు."

ఖాసిం సాబ్ లేచాడు.

"ఒక్కడే కాదమ్మా. నేనూ కోసినా."

తాహెర్ ఆయన పక్కకు పోయి నిలబడ్డాడు. "ఆ పెట్టె మీద నాకు ఇంకా నమ్మకం లేదు. ఆ మాట యాడైనా సెప్తా. కానీ దాన్ని కోయాల్నో వద్దో ఓనరు గడియారం సెప్పేది కాదు."

తెల్లవారి పది గంటలకు పన్నెండు బండ్లు పోలీస్ స్టేషన్ ముందు వరసగా ఆపి, బానెట్లు ఎత్తాం. ప్రతి దాంట్లో కోసిన వైరు కనపడుతోంది. జిన్నింగ్ మిల్లు ఆడవాళ్లు, ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు గుమికూడారు. ఎస్.ఐ. బయటికొచ్చాడు.

"ఎవడ్రా కోసింది?"

"నేను సార్."

"నేను సార్."

"ఎవరు కోయమన్నారు?"

"ఓనరు శంకరప్ప!" మేమంతా ఒక్కసారే అన్నాం. అప్పుడే పదమూడో బండి వచ్చింది. రంగన్న దిగి బానెట్ ఎత్తాడు.

"లైసెన్సులు పోతాయి, తెలుసునా?" అన్నాడు ఎస్.ఐ.

"ముప్పై ఏండ్లు తోలినా సార్" అంటూ ఖాసిం సాబ్ స్టేషన్ లోపలికి పోయి తన లైసెన్సు బల్ల మీద పెట్టాడు. దాని మీద మరో పన్నెండు పడ్డాయి. వాంగ్మూలం నేను రాశాను. ప్రతి మాటా పైకి చదివి వినిపించాకే సంతకాలు పెట్టించాను.

దారి అడ్డగించారని ఖాసిం సాబ్‌ను, తాహెర్‌ను లోపలేశారు. వాళ్లను కోర్టుకు తీసుకుపోయే జీపు కదులుతుంటే జ్యోతి దాని వెంట పరిగెత్తింది. "సాలన్నా, సాలు!" అని ఏడ్చింది. మాకు చాలలేదు. ఎఫ్ఐఆర్‌లో శంకరప్ప పేరు ఇంకా ఎక్కలేదు. నిన్న ఆదోని స్టాండులో, వేరే ఓనర్ల బండ్లవాళ్లు కూడా బానెట్లు ఎత్తి రోడ్డు మీదికి వచ్చారు.

ఇది చదివే మీరు రేపో ఎల్లుండో టాక్సీ ఎక్కుతారు. రైలు అందదనో, ముహూర్తం దాటిపోతుందనో, "కొంచెం తొక్కన్నా" అనబోతారు. అనే ముందు యేసేపును ఒక్కసారి తలచుకోండి.