చాటలో పడ్డ కట్ట

చెక్కర్ ధనుంజయ్ పెంటవ్వ చాటలోంచి రెండు గుప్పిళ్ల బీడీలు తీసి బుట్టలో పడేసి "ఛాట్" అన్నాడు. పనికిరావని అర్థం. పనికిరాని ఆ బీడీలే సాయంత్రం మంచివాటిలో కలిసి లారీ ఎక్కుతాయని బోధన్‌లో బీడీ చుట్టే ఆడవాళ్లందరికీ తెలుసు. ముసలమ్మ మాత్రం ఉత్తపుణ్యానికి మళ్లీ చుట్టాలి.

అదే వరసలో కూర్చున్న సవిత కాలు ఎట్లా లేచిందో సవితకే తెలియదు. బుట్ట ఎగిరిపడింది. ధనుంజయ్ అటు తిరిగి సంచి కడుతున్నాడు కాబట్టి తన్నిందెవరో చూడలేదు.

మర్నాడు పొద్దున, ఆకిచ్చి బీడీలు చుట్టించుకునే టేకేదారు రాజలింగు ఆ వరసలో కూర్చునే నలుగురి పీఎఫ్ కార్డులూ గుంజుకున్నాడు.

"ఒక్కొక్కలే లోపటికి రావాలె. బుట్ట దన్నింది ఎవరో చెప్పినామె కార్డు ఆమెకిచ్చేస్త. పేరొచ్చినామె కార్డు చింపుత. అందరు నోరు మూస్కుంటె ఈ వారం నలుగురికి సగం ఆకే!"

సగం ఆకంటే సగం పని. ఎట్లాగో ఓర్చుకోవచ్చు. కార్డు పోతే పద్దెనిమిదేళ్ల పీఎఫ్ పోతుంది, రేపటి పెన్షన్ పోతుంది. తను తన్నడం చూసిన మిగతా ముగ్గురికీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. వాళ్లెందుకు ఊరుకుంటారు? వాళ్లు చెప్పకముందే తనే శ్యామలమ్మ పేరు చెబితే? యూనియన్ మీటింగుల్లో గొంతు పెంచేది ఆమే, రాజలింగు ఇట్టే నమ్ముతాడు. ఆ ఆలోచన వచ్చినందుకు సవితకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆలోచన పోలేదు. భయం అంత చెడ్డది.

ముందు శ్యామలమ్మ వెళ్లింది. గుమ్మంలో ధనుంజయ్ కాపలా. "ముచ్చట వెట్టినోళ్లకు ఆకు బంద్!"

కాసేపటికి శ్యామలమ్మ బయటికొచ్చింది. సవిత మొహం చూడలేదు. అయిపోయింది, చెప్పేసింది అనుకుంది సవిత. శ్యామలమ్మ పక్కనుంచి పోతూ పోతూ తన చాటలోంచి ఒక కట్ట తీసి సవిత చాటలో వేసింది.

ఆ వరసలో ఎవరికైనా రోజుకు చుట్టాల్సిన వెయ్యి బీడీలకు తక్కువైతే పక్కామె ఒక కట్ట వేసి నింపుతుంది. మాట తెగితే మాత్రం ముందు తెగేది ఆ ఇచ్చిపుచ్చుకోవడమే. పగబట్టినామె చాటలో ఎవరూ కట్ట వెయ్యరు. ఈ సంగతి సేట్లకు తెలియదు. వాళ్లెప్పుడు నేలమీద కూర్చున్నారు గనుక!

లోపల రాజలింగు కార్డు ఊపుతూ అన్నాడు. "శ్యామలమ్మ నీ పేరే చెప్పింది. నువ్వు గుడ ఆమె పేరు చెప్పు, కార్డు బచాయించుకుంటవ్."

సవిత చాటలో పడ్డ శ్యామలమ్మ కట్ట వంక చూసింది. చాట అంచును గట్టిగా పట్టుకుంది.

"నాకెర్క లేదు సేటు."

బయటికొచ్చి, తన తర్వాత లోపలికి పోవాల్సిన చంద్రవ్వ చాటలో ఒక కట్ట వేసింది. చంద్రవ్వ వచ్చి పెంటవ్వ చాటలో వేసింది. పెంటవ్వ కూడా ఎవరి పేరూ చెప్పలేదు.

రాజలింగు ఊగిపోతూ వాకిట్లోకొచ్చాడు. "సగం ఆకు గుడ లేదు! నలుగురి కార్డులు చింపుత! ఈళ్ల మాల్ తీస్కోకు ధనుంజయ్!"

అన్న మాట మీద తనే నిలబడలేదు. వాకిట్లో లైన్లుగా కూర్చున్న వందమంది అది కళ్లారా చూశారు. ఇవాళ ఈ నలుగురు, రేపు ఎవరు?

ముందు ఒకామె లేచి శ్యామలమ్మ చాటలో కట్ట వేసింది. పక్కామె సవిత చాటలో వేసింది. చివర కూర్చున్నవాళ్లు కూడా లేచారు. కట్టలు చాట నుంచి చాటకు మారుతూనే ఉన్నాయి. ఏవి ఆ నలుగురివో, ఏవి మిగతావాళ్లవో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

ధనుంజయ్ బిక్కమొహం వేశాడు. రాజలింగు పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. జీపు వస్తుందని అందరూ విన్నారు. సవితకు భయం పోలేదు. లేచి ఇంటికి వెళ్లాలనిపించింది. పక్కన ఎవరూ కదల్లేదు. తనూ కదల్లేదు.

"ఈ మాల్ ఎవలదే?" అరిచాడు రాజలింగు.

పెంటవ్వ చాట పైకెత్తింది.

"మా అందర్ది బిడ్డా. తీస్కుంటె అందర్ది తీస్కో. లేకుంటె జీపు ఒక్కటి సాలదు, లారీ దెప్పియ్యి."