పొయ్యి పక్కన నలభై మూడు

“బోర్డు మీద రాయడానికి మేడమ్ ఉన్నారుగా. ఆవిడ చేతిరాత ముత్యాలు,” అన్నాడు డిపార్టుమెంటు హెడ్డు. పన్నెండేళ్లుగా ఇదే మాట. కొత్త పరిశోధన ప్రాజెక్టు కోసం లెక్చరర్లంతా కూర్చుని ఆలోచనలు చెప్పుకునే రోజు వస్తే చాలు, తనూ లెక్చరరే అయినా మార్కరు ఆవిడ చేతిలో ఉంటుంది. రాసే మనిషికి చెప్పే తీరికెక్కడిది, చెప్పేవాళ్ల నోటివంక చూడటమే సరిపోతుంది. ముత్యాలట, ముత్యాలు. ఏం చేసుకోవాలి వాటిని?

ఈసారి మాత్రం వదలకూడదనుకుంది. ఎవరి ఆలోచన నెగ్గితే ప్రాజెక్టు వాళ్ల చేతికేనని హెడ్డు ముందే చెప్పాడు. ఆవిడ దగ్గర ఆలోచన ఉంది. ఎండల మీద పరిశోధన చేసేవాళ్లంతా రోడ్ల మీదా మేడల మీదా వేడి కొలుస్తారు, వంటింట్లో పొయ్యి పక్కన కొలిచేవాళ్లు లేరు. ఆవిడ కొలిచింది. గోడకి థర్మామీటరు తగిలించి నాలుగు నెలలపాటు, ఒక చేత్తో కూర కలుపుతూ, కొంగుతో చెమట తుడుచుకుంటూ, అంకెలన్నీ నోటుబుక్కులో రాసిపెట్టుకుంది.

ఇవాళ పొద్దున కూరగాయలు తరుగుతూ మొగుడికి చెప్పింది. ఆయనదీ అదే డిపార్టుమెంటు. “ఊఁ, బాగానే ఉంది,” అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా. చెయ్యి తుడుచుకుని నోటుబుక్కు తెచ్చేలోపు లేచి వెళ్లిపోయాడు. “సబ్బులు అయిపోయాయి, రాసుకో,” అని స్నానాల గదిలోంచి వినబడింది. రాసుకుంది.

ఇప్పుడు ఆవిడ మార్కరు మూత తీస్తుండగానే ఆయన గొంతు సవరించుకున్నాడు. “నాకొక ఆలోచన వచ్చింది సార్. వంటింటి వేడి.”

ఆవిడకి ఒళ్లు భగ్గుమంది. వచ్చిందట! ఎక్కణ్ణుంచి వచ్చింది, టిఫిను పళ్లెంలోంచా?

హెడ్డు బల్ల చరిచాడు. “చాలా బాగుంది. మేడమ్, రాయండి. పక్కన సార్ పేరు కూడా.”

“వంటింటి వేడి” అని రాసి ఆగిపోయింది. మొగుడు ఆవిడవంక చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి కొత్త కాదు. పోయినేడు ఇద్దరూ కలిసి రాసిన వ్యాసంలో ఆవిడ పేరు ఎగిరిపోయినప్పుడూ ఇలాగే నవ్వాడు. “ఒకే ఇంట్లో వాళ్లం, ఎవరి పేరుంటే ఏమిటే?” అన్నాడు. ఎవరిదైనా ఒకటే అయితే ఒక్కసారైనా ఆవిడది ఉండొచ్చుగా? ఉండదు.

“పొయ్యి పక్కన ఎంత వేడి ఉంటుంది సార్?” అని అడిగింది కొత్తగా చేరిన లెక్చరరు. “ఏ వేళప్పుడు ఎక్కువ?”

ఆయన పొయ్యి పక్కన ఎప్పుడు నిలబడ్డాడు గనక? “అది... ఆ వివరాలు మేడమ్ చెప్తారు,” అన్నాడు.

అందరూ ఆవిడవైపు తిరిగారు. ఆవిడ బల్ల చుట్టూ నడిచి వచ్చి, మార్కరు ఆయన చేతిలో పెట్టి, పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది. సంచీలోంచి నోటుబుక్కు తీసింది.

“నలభై మూడు డిగ్రీలు, పొద్దున ఎనిమిదిన్నరకి,” అని హెడ్డుతో చెప్పి మొగుడివైపు తిరిగింది. “లేవండి. నేను చెప్తాను, మీరు రాసుకోండి. ముందు నా పేరు.”