మూడోసారి పోయిన ఫ్యూజు

జంబన్నకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇడపనూరులో అందరికీ తెలుసు. ఆ పొద్దున మాత్రం నెత్తికెక్కింది. ఎక్కదా మరి! అతని మెకానిక్ షెడ్డు ముందర పదిమంది చూస్తుండగా నాగరాజ్ బండికి స్టాండేసి గొంతు చించుకున్నాడు.

"ఫ్యూజు పోవుడు ఇది మూడోసారి జంబన్నా! హారన్ లేదు, ఫాగ్ లైట్లు లేవు, ఫోన్ చార్జర్ లేదు. శక్తినగర్ రోడ్డు మీద కరెంటు ఫ్యాక్టరీ బూడిద మోసే ట్యాంకర్ నన్ను పక్కకు నూకింది. హారన్ కొడితే కుయ్యిమనలే! డూప్లికేట్ వైరేసి సంపుతవా ఏంది? ఊరి గ్రూపుల పెడ్త, చూడు!"

డూప్లికేట్! ఇరవై ఏళ్లలో జంబన్న సంపాదించుకున్నది చేతికి మంచిపేరు ఒక్కటే. అదీ ఇవాళ్టితో గంగలో కలిసేలా ఉంది.

"నోరు జాగ్రత్త! నా షెడ్డుదే తప్పని తేలితే నువ్వు పెట్టుడెందుకు, నేనే పెట్టిస్త" అని అరిచి పనిముట్ల పెట్టె ఈడ్చుకున్నాడు.

కొత్త ఫ్యూజు వేస్తే మళ్లీ పోతుంది. అందుకని ఫ్యూజు చోట రెండు తీగల బల్బు పెట్టాడు. వైరు ఎక్కడన్నా బండి ఇనుముకు తగిలితే ఆ బల్బు భగ్గున వెలుగుతుంది. హారన్ పీకాడు, ఫాగ్ లైట్లు పీకాడు, చార్జరూ పీకాడు. బల్బు వెలగలేదు. నాగరాజ్ ఏదో అనబోతే "నోర్ముయ్" అని హ్యాండిల్ ఎడమకు తిప్పాడు. భగ్గుమంది. కుడికి తిప్పితే ఆరింది.

హెడ్‌లైటు విప్పి లోపలికి తొంగిచూశాడు. వైర్ల కట్టనూ ఇనుమునూ కలిపి ఎవరో సన్నటి ఉక్కు తీగ బిగించారు. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా అది వైరు తొడుగును రంపంలా కోసేసింది. దాని కొసకు కింద ఎండిన నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు వేలాడుతున్నాయి.

దిష్టి కట్టు! జంబన్న ఒళ్లు మండిపోయింది. ఊళ్లో దారానికి కరువొచ్చిందా? ఎవడో బుద్ధిలేనివాడి పనికి పదిమందిలో తను దొంగయ్యాడు.

"ఇది కట్టినోల్ల చెయ్యి పడిపోను! ఎవరు కట్టిన్రు, చెప్పు!"

నాగరాజ్ గొంతు ఒక్కసారిగా తగ్గింది. "మీ అవ్వనే, అన్నా. రిపేరయి నేను బండెక్కే ప్రతిసారీ కడ్తది. చల్లగ పోయిరా బిడ్డా అంటది."

షెడ్డు గడపలో కూర్చుని మిరపకాయలు గుచ్చుతున్న తల్లి హనుమవ్వ చెయ్యి ఆగిపోయింది. జంబన్న అటు చూశాడు. ఆమె పక్కన తను పారేసిన పాత క్లచ్ కేబులు, అందులోంచి పీకిన ఉక్కు పోగులు.

"దారమైతే తొవ్వలనే తెగుతున్నది నాయనా" అంది హనుమవ్వ. "తెగితే అపశకునం గదా. నువ్వు బాగుచేసిన బండి మీద ఎవరికన్న ఏమన్న అయితే నీ పేరు పోతదని గట్టి తీగ తీస్కున్న."

జంబన్న కోపం చల్లారలేదు. ఎవరి మీద చూపాలో మాత్రం తెలియలేదు. దగ్గరికి వెళ్తే ఆమె చేతులు కొంగు కింద దాచుకుంది. అతడు వాటిని బయటికి తీశాడు. వేళ్ల నిండా పోగులు గీసిన గాట్లు. పడిపోవాలని తను అరిచింది ఈ చేతులనే.

"నాగరాజ్!" అన్నాడు వెనక్కి తిరగకుండానే, కోపంగానే. "ఫోన్ తియ్యి. గ్రూపుల పెట్టు. తప్పు జంబన్నదే అని పెట్టు."