పోశం అడిగి తెచ్చుకున్న రెండో షిఫ్టు

గోదావరిఖనిలో పెళ్లాం మీద ప్రేమ ఉన్న మగవాళ్లు చాలామందే ఉండేవారు గానీ, ఆ ప్రేమ కొద్దీ రెండో షిఫ్టు అడిగి తెచ్చుకున్నవాడు పోశం ఒక్కడే. మధ్యాహ్నం మూడింటికి గనిలోకి దిగి రాత్రి పదకొండింటికి పైకొచ్చే ఆ షిఫ్టంటే అందరికీ ఒళ్లుమంట. పిల్లలు బడినుంచి వచ్చేసరికి తండ్రి ఉండడు, తండ్రి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. అలాంటిదాన్ని కోరి నెత్తినెత్తుకున్నాడంటే వీడికి పిచ్చన్నా పట్టి ఉండాలి, బయట ఇంకేదన్నా వ్యవహారమన్నా ఉండాలి అని క్వార్టర్ల లైనంతా తేల్చేసింది.

అసలు సంగతి వేరు. పోశం భార్య కనకవ్వ కమాన్‌పూర్ పిల్ల, ఏడో తరగతి దాకా చదివింది. డెబ్బై మూడులో యూనియన్ ఆఫీసులో లైబ్రరీ పెట్టినప్పుడు ఒక నవల తెచ్చుకుంది. అంతే, ఆ రుచి మరిగింది. పోశానికి అక్షరమ్ముక్క రాదు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ అతను. అయినా కనకవ్వ గోడకానుకుని పుస్తకంలో మునిగి, తనలో తానే నవ్వుకుంటుంటే అతనికి కడుపు నిండిపోయేది.

ఆ నవ్వు మూడు వారాలకొకసారే కనిపించేది. షిఫ్టు వారం వారం మారుతుంది కదా. మొదటి షిఫ్టు వారంలో, మూడింటికల్లా ఒళ్లంతా బొగ్గుతో వచ్చే మొగుడి చాకిరీతోనే ఆమెకు పొద్దుగూకేది. రాత్రి షిఫ్టు వారంలో పగలంతా అతని నిద్రకు కాపలా. ఇక మిగిలింది రెండో షిఫ్టు వారం. అప్పుడే సాయంత్రాలు ఆమెవి, రాత్రి పోశం ఇంటికొచ్చేసరికి ఇంకా పుస్తకంలోనే ఉండేది. పుస్తకానికి అడ్డం తానేనని పోశానికి ఆలస్యంగా తట్టింది, తట్టాక ఊరుకోలేకపోయాడు.

తోటి టింబర్‌మన్ హమీద్‌ను పట్టుకున్నాడు. హమీద్ భార్య రబియా బీకి నెలలు నిండుతున్నాయి, సాయంత్రాలు ఇంటిపట్టున ఉంటే అతనికీ మేలే. అలా తన మొదటి షిఫ్టు వారం హమీద్‌కిచ్చి, అతని రెండో షిఫ్టు తాను తీసుకున్నాడు. ఆ పై వారం ఎలాగూ తనది రెండో షిఫ్టే, వరసగా రెండు వారాలు కలిసొచ్చాయి. ఇంట్లో చెబితే వద్దంటుందని భయపడి, షిఫ్టులు పంచే సర్దారే తనకిలా వేశాడని అబద్ధమాడాడు.

రెండో వారం చివరికొచ్చినా, రాత్రి వచ్చేసరికి ఆమె చేతిలో పుస్తకం కనపడక, ఒక పొద్దున తానే దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చదవడం రాకపోయినా, అందులో చీపురుపుల్ల ఎక్కడుందో చూడటం వచ్చు. చదువు ఆపిన చోట కనకవ్వ పెట్టుకునే గుర్తు అది. పన్నెండు రోజుల కింద ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది.

“ఏందే కనకా, పుస్తకం మంచిగ లేదా?” అన్నాడు.

కనకవ్వ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే, “సర్దారు ఏసిండంటివి. హమీదన్నను నువ్వే అడిగినవని రబియా బీ చెప్పింది. నా మొకం జూసుడు నీకు గంత కష్టమైతుందా?” అంది.

పోశం తడబడుతూ మొత్తం చెప్పేశాడు. తను లేకపోతే ఆమె హాయిగా చదువుకుంటుందనుకున్నానని, అంతకు మించి ఏమీ లేదని పిల్లల మీద ఒట్టేశాడు.

కనకవ్వ చాట పక్కన పెట్టి నవ్వబోయింది గానీ ఏడుపొచ్చింది. “నువ్వెటు వోతున్నవో అన్న ఫికర్‌ల ఒక్క అక్షరం కండ్లకు ఆనలే,” అంది. “నాకు టైము కావాలంటే నువ్వు లేకుండ పోవుడేందయ్యా? ఇంట్లుండి గింత పని అందుకో.”

మళ్లీ వచ్చిన మొదటి షిఫ్టు వారాన్ని పోశం ఎవరికీ ఇవ్వలేదు. మూడింటికి ఇంటికొచ్చి, తానే పొయ్యి రాజేసి నీళ్లు కాచుకుని స్నానం చేశాడు. విడిచిన బట్టలు పట్టుకుని గుమ్మం ముందు బండ దగ్గర కూర్చున్నాడు. మొగుడు బట్టలుతకడం ఆ లైనులో ఎవరూ ఎరగరు. పక్కింటి లస్మవ్వ బిందె చంకనబెట్టుకుని అలాగే నిలబడిపోయింది. పోశం చెవులు ఎర్రబడ్డాయి, తల మాత్రం ఎత్తలేదు.

కనకవ్వ గడప మీద కూర్చుని, అతనికి వినపడేలా పైకే చదవసాగింది. అలిగి పుట్టింటికి పోయిన భార్య కోసం, వరదలో ఏరు దాటుతున్న పడవవాడి కథ అది. రెండు పేజీలు తిరిగేసరికి ఆమె లస్మవ్వనూ లైనునూ మరిచిపోయింది. పోశం ఓరకంట చూశాడు. అతనికి ఇష్టమైన ఆ నవ్వు మెల్లగా మొహంలోకి వస్తోంది.

బట్టల్లోంచి వచ్చే నీళ్లు ఎప్పుడో తేటబడ్డాయి. పడవవాడు ఇంకా ఏటి మధ్యలోనే ఉన్నాడు. పోశం అంగీకి మళ్లీ సబ్బు పెట్టాడు.