పామర్రులో కోసేసిన అమెరికా

నా పేరు రహ్మాన్. పామర్రు సినిమా హాల్లో ముప్ఫై ఏళ్ళు ఆపరేటర్‌గా చేశాను. నా ముందు ఎవడైనా ఇంగ్లీషు సినిమాల గురించి నాకంటే ఎక్కువ తెలిసినట్టు గొప్పలు పోతే ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి ఇప్పుడు మేముంటున్న వన్ టౌన్‌లో మా వీధి వీధంతా తెలుసు. అందుకే మా పై వాటాలో అద్దెకుండే నర్సు పద్మశ్రీ నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"తాతగారూ, అమెరికాలో ముసలివాళ్ళ హోములో ఉద్యోగం ఇస్తామన్నారండి. శుక్రవారంలోగా వస్తానో రానో చెప్పాలి. అక్కడి మనుషులు ఎలాంటివాళ్ళో ఏంటో, భయంగా ఉంది. ఏ సినిమాలు చూస్తే తెలుస్తుందో చెప్పండి."

అదెంత పని! ఆరు పేర్లు గడగడా చెప్పేశాను. అప్పుడే మా ఆవిడ మెహబూబ్ బీ వాళ్ళ తమ్ముడింటి గొడవేదో చెప్పబోతుంటే, "తర్వాత చెబుదువుగానీ, ఉండు" అన్నాను.

పద్మశ్రీ డ్యూటీ దిగి వచ్చాక రెండు రోజులు అవన్నీ ఫోన్లో చూసింది. బుధవారం సాయంత్రం మొహం వేలాడేసుకుని మెట్లు దిగింది.

"అన్నీ తుపాకులూ, కార్లు పేలడాలేనండి. ఒక్క ముసలావిడ కూడా లేదు. రానని రాసేస్తాను."

"ఎందుకు లేరు? బోలెడుమంది!" అని గయ్యిమన్నాను. అన్నాక గుర్తొచ్చింది. ఆ ముసలివాళ్ళను కోసేసింది నేనే.

అప్పట్లో ఇంగ్లీషు సినిమా మార్నింగ్ షో వేసేవాళ్ళం. మ్యాటినీ టైముకి హాలు ఖాళీ కావాలి. ఫైటింగు తీసేస్తే జనం కుర్చీలు విరగ్గొడతారు. "ఊరికే కూర్చుని మాట్లాడుకునేవి లేపెయ్, రహ్మాన్" అనేవాడు మా ఓనరు. లేపేసేవాణ్ణి. అవి ఎక్కువగా ముసలివాళ్ళ సీన్లే. ఫైటింగు ఫిల్ము ముక్క తెగితే ఊళ్ళో పిల్లలు ఎగబడి పట్టుకుపోయేవాళ్ళు. ఈ ముసలివాళ్ళ ముక్కలు ఒక్కడికీ అక్కర్లేకపోయాయి. అవి నా దగ్గరే ఉండిపోయాయి. కోసీ కోసీ ముసలివాళ్ళున్న ఆ సినిమాల పేర్లు కూడా మర్చిపోయాను. గుర్తున్నవి ఫైటింగు సినిమాల పేర్లే.

అటక మీద ఆ ముక్కలు దాచిన రేకు డబ్బా ఉండాలన్నాను.

"పారేస్తానంటే నా మీద ఎగిరారుగా. మీరే ఎక్కి తెచ్చుకోండి" అంది మెహబూబ్ బీ. అయినా వచ్చి స్టూలు పట్టుకుంది.

ఒక ఫిల్ము చుట్ట విప్పి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాను. రంగులన్నీ ఎర్రబడిపోయాయి. వంటింట్లో బల్ల దగ్గర ఒక ముసలావిడ. రెండు కప్పులు పెట్టింది. తన కప్పులో కాఫీ పోసుకుంది. ఎదురు కుర్చీ ఖాళీ. దాని ముందున్న కప్పులో కూడా పోసింది. పద్మశ్రీ జానెడు జానెడు లాక్కుంటూ చూసింది.

"ఎవరికోసమండీ?"

"పోయిన మొగుడి కోసం అనుకుంటా. ఆ కుర్చీతో చాలాసేపు మాట్లాడేది. నాకు ఇంగ్లీషు రాదుగా. హాల్లో ఒకటే ఈలలు. మర్నాడే కోసేశాను."

ఆ పిల్ల చుట్ట కింద పెట్టలేదు.

"మా వార్డులో సీతమ్మగారని ఉన్నారండి. ఆయనొస్తారని రోజూ ఒక ఇడ్లీ పక్కన పెడతారు. తియ్యబోతే ఊరుకోరు. కాసేపు పక్కన కూర్చుంటే ఆవిడే తినేస్తారు." మళ్ళీ వెలుతురుకేసి చూసింది. "ఈవిణ్ణి నేను చూసుకోగలనండి."

గురువారం పొద్దున్నే, ఉద్యోగానికి వస్తానని రాసేసింది. వెళ్ళేటప్పుడు ఆ చుట్ట అడిగి మరీ పట్టుకెళ్ళింది.

వెళ్ళిన నాలుగు నెలలకు అక్కణ్ణుంచి ఫోన్ చేసింది.

"తాతగారూ, ఇక్కడొకావిడ ఉన్నారండి. అచ్చం అలాగే, రోజూ రెండు కప్పులు. ఇవాళ నన్ను ఆ కుర్చీలో కూర్చోమన్నారు. గంటసేపు ఏదో చెప్పారు. సగమే అర్థమైంది."

"విసుగనిపించలేదా?"

"లేదండీ. చివరిదాకా విన్నాను."

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. సిగ్గెందుకు, ఏడ్చాను. ఆ ఫిల్ములో ఆవిడ మాటలు ఆ రోజుల్లో పామర్రులో ఒక్కడి చెవినా పడనివ్వలేదు నేను.

మెహబూబ్ బీ టీ తెచ్చి ఎదురుగా కూర్చుంది. వాళ్ళ తమ్ముడింటి గొడవ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. టీ చల్లారిపోయింది, ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. నేను మధ్యలో అడ్డు రాలేదు.