గట్టుకు ఒరిసిన పేరు

పోటీ రోజు ఉదయం ఆరున్నరకు బొంగరం వంటగదిలోకి వచ్చేసరికి ఆమె స్కేట్‌బోర్డు గిన్నెల అరలో, పళ్ళేల పక్కన నిటారుగా నిలబడి నీళ్ళోడుతోంది.

"వేడినీళ్ళతో కడిగాను," అంది అమ్మమ్మ, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. "ఎంత మురికే తల్లీ! మూడుసార్లు సబ్బు పెడితేగానీ తేరలేదు. ఇవాళ అందరూ చూస్తారు కదా."

ఒక పెద్ద ఆస్పత్రిలో బట్టలుతికే విభాగానికి ముప్పై రెండేళ్ళు అధికారిణిగా ఉండి విరమించిన మనిషి ఆమె. వేడినీటికి లొంగని మాలిన్యం ఈ సృష్టిలో లేదని ఆమె దృఢవిశ్వాసం. తల్లి లేని మనుమరాలిని తమ ఇంటిపేరే పెట్టి, ఆ విశ్వాసంతోనే పెంచింది. గాలిలో గిరగిర తిరుగుతుందని తోటి ఆటగత్తెలు పెట్టిన 'బొంగరం' అన్న పేరును ఇంట్లో మొదట వాడుకలోకి తెచ్చింది కూడా ఆమే.

బొంగరం ఒక చక్రాన్ని వేలితో తిప్పింది. అది అరచుట్టు తిరిగి, గరగరమని మూలిగి నిలిచిపోయింది. బోర్డు తోకను, అంటే వెనుక అంచును, నేలకు తాటించింది. టక్కుమనవలసిన చెక్క దబ్బుమంది. ఏడు పలుచని పొరలను జిగురుతో అతికి చేసిన చెక్క అది. పొరల నడుమకు నీరు చేరిందంటే ఉబ్బుతుంది. మనిషిని పైకి విసిరే బిగువు నశిస్తుంది.

"ఏమైందే? పాడుచేశానా?"

"తలంటు పోశావు కదా, జలుబు చేసింది," అంది బొంగరం.

నవ్వుతూనే అంది గాని, సంగతి చిన్నది కాదు. ఇరవై ఏడేళ్ళ బొంగరం ఏడేళ్ళుగా వృత్తి క్రీడాకారిణి. నిరుడు మోకాటికి శస్త్రచికిత్స జరిగి పదకొండు నెలలు ఆటకు దూరమైంది. ఈనాటి ప్రాథమిక పోటీలో ఇరవై ఇద్దరు దిగుతారు. మొదటి ఎనిమిది మందికే సాయంత్రపు ఫైనల్లోనూ, వచ్చే ఏడాది ప్రపంచ పర్యటనలోనూ చోటు. తొమ్మిదో స్థానమంటే ఆ వృత్తికి నమస్కారం పెట్టి ఇంటికి రావడమే.

అదనంగా ఉంచుకున్న బోర్డు నిన్నటి సాధనలో నిలువునా చీలింది. దుకాణాలు పదింటికి తెరుస్తారు, పోటీ తొమ్మిదింటికి.

ఏడింటికి మేస్త్రి కారు తీసుకుని వచ్చాడు. స్కేటింగుకు వాడే కాంక్రీటు తొట్లను పదిహేనింటిని తన చేతులతో నునుపు చేసి, ఆ తరువాత వాటిలో ఆడడం నేర్పే గురువైన మనిషి. కడిగిన బోర్డును చూశాడు, అమ్మమ్మను చూశాడు. ఆ తరువాత చూపు కుట్టుమిషను పైనున్న గోడ మీదికి పోయింది.

అక్కడ మేకుకు ఇంకో బోర్డు వేలాడుతోంది. ఈ వృత్తిలో పట్టాలూ ప్రమాణపత్రాలూ ఉండవు. బోర్డులు చేసే సంస్థ ఎవరి పేరును బోర్డు అడుగున అచ్చువేసి అమ్మకానికి పెడుతుందో వారే వృత్తి క్రీడాకారులు. బొంగరం పేరు ఇంటిపేరుతో సహా అచ్చయిన మొట్టమొదటి బోర్డు అది. అమ్మమ్మ ఏడేళ్ళుగా దానిని రోజూ పొడిగుడ్డతో తుడుస్తూ వచ్చింది.

"అది మాత్రం కుదరదు," అంది అమ్మమ్మ. "దీని తాత ఇంటిపేరుందిరా నాయనా ఆ బోర్డు మీద. సిమెంటుకేసి రాసేస్తారా?"

"కాలు పెట్టేది పైన కదండీ, పేరుండేది అడుగున," అన్నాడు మేస్త్రి.

"అడుగునుంటే మాత్రం? తొట్టి గట్టు మీద జర్రున జారినప్పుడు అరిగేది అడుగే కదా! నాకు తెలీదనుకున్నావా? ఏడేళ్ళ నుంచి చూస్తున్నాను."

బొంగరం గోడ వైపు చూడనైనా లేదు. కడిగిన బోర్డు మరలు విప్పి, ఇనుప ఇరుసులను తుడిచి, పెట్టెలోంచి కొత్త బేరింగులు తీసి చక్రాలకు బిగిస్తోంది. అవి సిద్ధమయ్యాయి. బిగించడానికి చెక్కే లేదు.

అమ్మమ్మ కాసేపు ఆ చేతులనే చూసింది. తరువాత స్టూలు లాక్కుంది.

"నేను దింపుతానుండండి," అన్నాడు మేస్త్రి.

"తప్పుకో. మేకు కొట్టింది నేను, దింపేదీ నేనే."

మేస్త్రి ఆ చెక్కను వేళ్ళ కణుపులతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. "బాగా ఎండింది. పట్టు ఉంది కానీ పెళుసు. గట్టిగా దిగితే రెండు ముక్కలు."

"ముక్కలయ్యేలోగా నలభై అయిదు సెకన్లు నిలబడితే చాలు," అంది బొంగరం, పాదం జారకుండా పైన గరుకు కాగితం అతికిస్తూ.

తొమ్మిదింటికి పోటీ మొదలైంది. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. ఒక్కొక్కటి నలభై అయిదు సెకన్లు. పడితే ఆ అవకాశం అంతటితో సమాప్తం. మూడింటిలో మేలైనదే లెక్కకు వస్తుంది.

మొదటిసారి రెండో విన్యాసంలోనే అలవాటు లేని ఆ చెక్క ఆమె అనుకున్నదానికంటె జానెడు ఎక్కువ ఎగిరింది. పాదం తప్పింది. మోకాళ్ళ కవచాల మీద తొట్టి అడుగుదాకా జారిపోయింది. లేచి, బోర్డును చంకన పెట్టుకుని, గట్టెక్కింది.

రెండోసారి ఎక్కడా తొట్రుపాటు లేదు. ఒకటిన్నర చుట్టు గాలిలో తిరిగి నిమ్మళంగా దిగింది. లోతైన మూలలో గట్టు మీద ఇరుసులతో కరకరమని సాగింది. సమయం ముగిసిన గంట మోగేసరికి నిలబడే ఉంది. న్యాయనిర్ణేతల అంకెలు వెలిశాయి. తొమ్మిదో స్థానం.

"శుభ్రంగా ఆడావు," అన్నాడు మేస్త్రి. "కానీ మూలలో చెక్క నడుమును అడ్డంగా వేసి జారాలి కదా. ఇరుసుల మీద పోయావేం? అది పిల్లలు కూడా చేస్తారు. మార్కులన్నీ అక్కడే పోయాయి."

"చెక్క పెళుసన్నావు కదా."

"దిగేటప్పుడు పెళుసన్నాను. జారడానికి ఏం రోగం?"

కంచె అవతలినుంచి అమ్మమ్మ పిలిచింది. "ఇలా రావే."

బొంగరం వెళ్ళింది.

"బోర్డు తిప్పు."

తిప్పింది. పేరు ఒక్క గీత కూడా పడకుండా మెరుస్తోంది.

"నా కోసమే కదూ?"

బొంగరం పేరు కనబడకుండా బోర్డును మళ్ళీ తిప్పేసింది.

"ఆస్పత్రిలో ఒకావిడ ఉండేది. మంచిదే పాపం. మరక పోని దుప్పటిని మరక లోపలికి వచ్చేలా మడిచి, నాకు కోపం రాకుండా పైన శుభ్రంగా కనిపించేలా పెట్టేది. ఆవిణ్ణి ఏం చేశానో తెలుసా?"

"ఉద్యోగం మాన్పించావు."

"మళ్ళీ ఉతికించాను. నాకు కోపం వస్తుందనో, బాధ కలుగుతుందనో పని తగ్గించి చేస్తే ఒప్పుకునేదాన్ని కాదు. నీకైతే ఒప్పుకుంటానా? పొద్దున నేనేదో అన్నానని ఇంత పిరికిదానివైపోయావా?"

"పిరికిదాన్నా? నేనా?"

"మరి? తాత పేరట, అరిగిపోతుందట! ఆయన బతికుండగా ఇంటి తలుపు మీదున్న ఆ పేరుకు ఏనాడైనా రంగు వేయించాడా? పో."

బొంగరం పకపక నవ్వింది. శిరస్త్రాణం పట్టీ బిగించుకుని మెట్లెక్కింది.

మూడోసారి ఆమె తొట్టిలోకి దూకిన తీరులోనే మార్పు కనిపించింది. ఆ చెక్క ఎంత ఎగురుతుందో ఇప్పుడామె పాదాలకు తెలుసు. పద్యం కంఠస్థమైనవాడు యతిస్థానం కోసం వెదుక్కోడు. ఆమె కూడా ఎక్కడ వంగాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో ఆలోచించలేదు. ఒక గోడ వేగాన్ని ఇచ్చింది, ఎదుటి గోడ ఎత్తును ఇచ్చింది. ఒకటిన్నర చుట్టు తిరిగి దిగింది. చెక్క కిర్రుమంది గాని విరగలేదు. నేరుగా లోతైన మూలకు వెళ్ళింది. గట్టు పైకి లేచి, బోర్డు నడుమును అడ్డంగా వేసి, మోకాళ్ళు వంచి, మూల వంపు పొడవునా జారింది. ఆ రాపిడి ధ్వని కంచె అవతలిదాకా స్పష్టంగా వినవచ్చింది. అమ్మమ్మ కళ్ళు మూసుకోలేదు.

మూల దాటి లోనికి దిగింది. ఇంకా పది సెకన్లున్నాయి. ఆ పదింటిలో మరొకసారి ఎగిరి, బోర్డును చేత్తో పట్టి, వెనుకకు తిరిగి దిగింది. గంట మోగింది.

గట్టు చుట్టూ నిలుచున్న ఆటగత్తెలందరూ తమ బోర్డుల తోకలను కాంక్రీటుకు టపటప తాటించసాగారు. ఈ ఆటలో చప్పట్లు అవే. ప్రత్యర్థులైనా సరే, మెచ్చితే కొట్టి తీరుతారు.

అంకెలు వెలిశాయి. అయిదో స్థానం. ఆమె తరువాత ఆడవలసినవారు నలుగురున్నారు. అందులో ఒకామె ఆమెను దాటింది. చివరికి ఆరో స్థానం స్థిరపడింది.

మేస్త్రి ఆమె భుజాన్ని ఒక్కసారి నొక్కి వదిలి, చెక్కను కణుపులతో తట్టి విన్నాడు. "సాయంత్రానికి కూడా వస్తుంది."

"వచ్చే ఏడు కూడా ఊళ్ళు పట్టుకు తిరుగుతావన్నమాట," అంది అమ్మమ్మ, కంచె మీదుగా ఆమె చెంప నిమిరి. "ఏదీ, చూడనీ."

బొంగరం బోర్డు తిరగేసింది. నడుమున బెత్తెడు వెడల్పున రంగంతా లేచిపోయి తెల్లని చెక్క బయటపడింది.

"ఇంటిపేరు మొత్తం పోయింది," అంది బొంగరం. "నా పేరులో ఇంకా రెండక్షరాలున్నాయి. ఆ జారడం ఒక మూర తక్కువైంది, అమ్మమ్మా. ఫైనల్లో వంపు చివరిదాకా పోతాను."

"ఆ రెండూ ఎందుకు మిగల్చడం," అంది అమ్మమ్మ. "కానియ్యి."